అమెరికాలోని చిన్న క్రైస్తవ కాలేజీల ఆన్‌లైన్ బీఏ: మా చెల్లెను చేర్పియ్యొచ్చా?

సోమిడి అక్క:

అందరికీ వందనాలు. మాది కాజీపేట దగ్గర సోమిడి. మా చెల్లె ఇంటర్ సీఈసీ పాసై రెండేండ్లయింది. హన్మకొండ చౌరస్తాల బట్టల షాపుల పని చేస్తది, పొద్దున పదింటికి పోతే రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరుతది. ఆదివారం సండే స్కూల్ పిల్లలకు పాఠం చెప్తది, టీచర్ కావాలన్నదే దాని కోరిక. మొన్న క్రైస్తవ సభలల్ల (కన్వెన్షన్‌ల) కలిసిన ఒక అన్న, అమెరికాలున్న చిన్న క్రైస్తవ కాలేజీ గురించి చెప్పిండు. ఆన్‌లైన్‌లనే బీఏ, మొత్తం 120 క్రెడిట్లు (చదువును లెక్కగట్టే పాయింట్లు), మనసొంటోళ్లకు ఫీజు తగ్గిస్తరంట. బైబిల్ సబ్జెక్టులు ఎక్కువ, వాటితోని ఇంగ్లీషు, హిస్టరీ, సైకాలజీ కూడా ఉన్నయి. ఆ డిగ్రీతోని ఇక్కడ బీఈడీ చెయ్యొచ్చా? కాలేజీ నిజమైందో కాదో ఎట్ల తెలుసుకోవాలె? నాన్న లేడు, ఫీజు నేనే కట్టాలె. తెలిసినోళ్లు కొంచెం వివరంగ చెప్పుండ్రి.

మడికొండ మాస్టర్:

వందనాలు చెల్లెమ్మా. నేను ఇక్కడనే ఒక ప్రైవేట్ డిగ్రీ కాలేజీల ఎకనామిక్స్ చెప్త, మా చర్చి సంఘంల యూత్ పని కూడా చూస్త. రిజల్ట్స్ వచ్చినంక ఇదే ప్రశ్న పట్టుకొని పిల్లలు మా ఇంటికి వస్తరు.

ముందు బీఈడీ సంగతి. ఆ డిగ్రీతోని ఇక్కడ బీఈడీ సీటు రాదు. కాలేజీ మంచిది కాదని నేననుట లేదు. విదేశీ డిగ్రీ ఇక్కడ చెల్లాలంటే మన డిగ్రీతో సమానమని సర్టిఫికెట్ తెచ్చుకోవాలె. 2025 ఏప్రిల్‌ల యూజీసీ (యూనివర్సిటీల మీద ఉండే కేంద్ర సంస్థ) తెచ్చిన నిబంధనల ప్రకారం అది క్లాసుల కూసొని చదివిన చదువుకే ఇస్తరు, ఆన్‌లైన్ డిగ్రీకి ఇయ్యరు. ఇంకో అడ్డం కూడా ఉన్నది, దీన్ని చానా మంది చూడరు. బీఈడీ సీటుకు రాసే ఎడ్‌సెట్‌ల డిగ్రీ ఉంటే సరిపోదు, నువ్వు తీసుకునే మెథడాలజీకి, అంటే బడిల చెప్పబోయే సబ్జెక్టుకు తగ్గ సబ్జెక్టులు డిగ్రీల చదివి ఉండాలె. సోషల్ చెప్పాలంటే హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ అసొంటివి, ఇంగ్లీషు చెప్పాలంటే ఇంగ్లీష్ లిటరేచర్. బైబిల్ మెయిన్‌గ చేసినోళ్లకు ఆ తలుపు తెరుచుకోదు. మార్కులు జనరల్‌కు 50 శాతం, రిజర్వేషన్ ఉన్నోళ్లకు 40 శాతం ఉండాలె.

ఇగ కాలేజీ నిజమైందా అంటే, పేరుల బైబిల్ అనో క్రిస్టియన్ అనో ఉన్నంత మాత్రాన నమ్మద్దు, వెబ్‌సైట్‌ల ఫొటోలు చూసి అనుమానపడద్దు. అమెరికాల క్రైస్తవ కాలేజీలకు గుర్తింపు ఇచ్చే ట్రాక్స్, ఏబీహెచ్ఈ అనే సంస్థలున్నయి, వాటిని అక్కడి విద్యాశాఖ ఒప్పుకుంటది. ఆ విద్యాశాఖ వెబ్‌సైట్‌లనే గుర్తింపు ఉన్న కాలేజీలన్నీ దొరుకుతయి. అక్కడ పేరు లేకుంటే రూపాయి కట్టద్దు. పేరుంటే అది అక్కడ నిజమైన డిగ్రీనే.

ఇంకో మాట గట్టిగ చెప్త. "వాళ్ల సెంటర్ వరంగల్‌ల మేమే నడుపుతున్నం, ఫీజు మాకే కట్టుండ్రి" అని ఎవరన్నా అంటే ఎంత ప్రార్థనాపరుడైనా సరే దూరం పెట్టుండ్రి. ఫ్రాంచైజీ మీద నడిచే ఆన్‌లైన్ డిగ్రీలను మన యూజీసీ 2020 నిబంధనలు ఒప్పుకోవు. మన దేశంల ఏ సంస్థ ఆన్‌లైన్ డిగ్రీ ఇయ్యాలన్నా యూజీసీ దూరవిద్యా బ్యూరో లిస్టుల ఆ కోర్సు పేరు ఉండాలె.

జమ్మికుంట జాయ్:

అన్న చెప్పింది నిజమే. కానీ ఆ చదువు ఎట్లుంటదో చదివినోళ్లు చెప్పాలె గదా. నేను అసొంటి కాలేజీలనే ఆన్‌లైన్ బీఏ చేసిన, ఇప్పుడు పిల్లల పరిచర్యల, అంటే చర్చి తరఫున పిల్లలకు చెప్పే సేవల ఉన్న. నాకు గవర్నమెంటు నౌకరీ అక్కర లేకుండె, అందుకే చేరిన.

ఒక టర్మ్ ఎనిమిది వారాలు, ఒకేసారి రెండు సబ్జెక్టులు, ఒక్కో సబ్జెక్టుకు మూడు క్రెడిట్లు. లైవ్ క్లాసులు తక్కువ, చదువుడూ రాసుడే ఎక్కువ. గురువారం లోపల ప్రశ్నకు మూడు వందల పదాల జవాబు పెట్టాలె, ఆదివారం లోపల తోటోళ్లు ఇద్దరికి జవాబు రాయాలె. ఆదివారం అర్ధరాత్రి అంటే అక్కడి టైం. న్యూయార్క్ టైంల రాత్రి 11:59 అంటే మనకు ఎండకాలంల సోమవారం పొద్దున 9:29, చలికాలంల 10:29. నేను సోమవారం పొద్దున వంటింట్ల ఫోన్‌ల టైప్ చేస్తుంటే సగం జవాబు ఎగిరిపోయేది, నెట్ తిరిగొచ్చే దాకా గుండెలు దడదడ. ల్యాప్‌టాప్ లేకుంటే చానా తిప్పలు. మీ చెల్లె పదింటికి షాపుల ఉండాలె గదా అక్కా, అందుకే ఈ టైం సంగతి చెప్తున్న.

మంచి కూడా చెప్పాలె. క్లాసుల మేం పదకొండు మందిమి. మా పాత నిబంధన టీచర్ నా ప్రతి పేపర్ మీద ఎర్ర అక్షరాలతోని కామెంట్లు రాసేది, "ఇది కామెంటరీల (బైబిల్ వ్యాఖ్యాన పుస్తకంల) మాట, నీ మాట ఏది?" అని అడిగేది. కాపీ కొడితె సాఫ్ట్‌వేర్ పట్టిస్తది, మొదటిసారికే సున్నా. మా అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు నేను అడగకముందే గడువు పెంచింది. పెద్ద యూనివర్సిటీల వేల మందిల మన పేరు ఎవరికి తెలుస్తది? నేను ఇయ్యాల ధైర్యంగ పాఠం చెప్తున్నానంటే ఆమె వల్లనే.

చేరాలనుకుంటే ఒక్క సబ్జెక్టుకు మాత్రం చేరుండ్రి, డిగ్రీ విద్యార్థిగా కాకుండ. చానా కాలేజీలు ఒప్పుకుంటయి. క్రెడిట్ రేటు మీద టెక్నాలజీ ఫీజు, పుస్తకాలు వేరే ఉంటయి, ముందే అడుగుండ్రి. డాలర్ల కట్టేటప్పుడు బ్యాంకు కూడా కొంత కోస్తది.

ములుగు రోడ్ తమ్ముడు:

అక్కా, దోస్త్‌ల (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ అడ్మిషన్‌ల) పెట్టి రెగ్యులర్ డిగ్రీ చేపియ్యొచ్చు గదా? ఎస్సీల నుంచి క్రైస్తవులైనోళ్లకిచ్చే బీసీ-సీ సర్టిఫికెట్ ఉంటే, ఈపాస్ అనే సర్కారు స్కాలర్‌షిప్ వెబ్‌సైట్‌ల ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తది. దూరవిద్యకు అది రాదు.

సోమిడి అక్క:

తమ్మీ, పని మానేస్తే ఇల్లు గడవదు. రెగ్యులర్ కుదరదు. జాయ్ చెప్పిన సోమవారం సంగతి చెల్లెకు చదివి వినిపిస్తే గమ్మున ఉన్నది, తర్వాత "అయినా అసొంటి టీచర్ దగ్గర చదవాలని ఉన్నది" అన్నది. దానికి బీఈడీ, బైబిల్ చదువు రెండూ కావాలె. ఏం చెయ్యాలె మాస్టర్ గారూ?

మడికొండ మాస్టర్:

రెండూ కావాలంటే రెండు చోట్ల చదవాలె చెల్లెమ్మా, అది తప్పేం కాదు. డిగ్రీ ఇక్కడ చెల్లేది చేపియ్యి. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982ల మొదలైంది, దేశంల మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ, తెలుగు మీడియం ఉన్నది, హన్మకొండల అధ్యయన కేంద్రం ఉన్నది. మన కాకతీయ యూనివర్సిటీకి కూడా దూరవిద్యా కేంద్రం ఉన్నది. ఏది తీసుకున్నా ఈసారి అడ్మిషన్‌కు యూజీసీ అనుమతి ఉన్నదో లేదో బ్యూరో లిస్టుల చూసినంకనే కట్టుండ్రి. ఇప్పుడు దూరవిద్యల చేరాలంటే డెబ్ ఐడీ (ఆ దూరవిద్యా బ్యూరో ఇచ్చే నంబరు) కావాలె, దానికి ముందు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఐడీ తీసుకోవాలె. ఆధార్ల, ఇంటర్ మెమోల పేరు ఒక్క తీరుగ ఉన్నదా చూడు. ఇంటిపేరు ఒకదాంట్ల ముందు, ఇంకోదాంట్ల వెనక ఉండి మా పిల్లలు చానా మంది ఇక్కడనే ఆగుతున్నరు.

సబ్జెక్టులు మాత్రం ఇష్టమొచ్చినట్టు ఎంచుకోనియ్యకు. సీఈసీ చదివింది గదా, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్‌కు తోడు హిస్టరీ పెట్టుకుంటే సోషల్ మెథడాలజీకి దారి ఉంటది. క్లాసులు ఆదివారాలే ఎక్కువ ఉంటయి, సండే స్కూల్‌కు ఇబ్బంది అయితది. చర్చి అయ్యగారితోని ముందే మాట్లాడి ఆ వారాలకు ఇంకో అక్కను ఒప్పిచ్చుండ్రి, పిల్లల క్లాసు ఆగద్దు.

ఇగ బైబిల్ చదువు కోసం ఆ కాలేజీల జాయ్ చెప్పినట్టు ఒక్క సబ్జెక్టు. మన దేశంలనే బైబిల్ చదువుకు బెంగాల్‌ల ఉన్న సెరంపూర్ కాలేజీ సంప్రదాయం కూడా ఉన్నది. 1818ల కేరీ, మార్ష్‌మన్, వార్డ్ అనే మిషనరీలు పెట్టిన కాలేజీ అది, 1827ల డెన్మార్క్ రాజు చార్టర్‌తోని డిగ్రీలు ఇచ్చే హక్కు వచ్చింది. హైదరాబాద్‌ల ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల దానికి అనుబంధం.

ఆ అమెరికా కాలేజీ కేటలాగ్ పీడీఎఫ్ ఉంటే నాకు మెసేజ్‌ల పంపు. గుర్తింపు పేజీ, ఫీజు పేజీ, వాపసు నియమాలు చూసి చెప్త. చెల్లెను కూడా లైన్‌ల పెట్టు, ఏ సబ్జెక్టుకు చేరాల్నో ఆమెనే చెప్పాలె.

జమ్మికుంట జాయ్:

నా పాత ల్యాప్‌టాప్ ఉన్నది అక్కా, బ్యాటరీ నిలవదు గానీ ఛార్జర్ పెడితే మంచిగ నడుస్తది. కాజీపేట స్టేషన్ దగ్గర తీసుకుపోతానంటే శనివారం వస్త.