లడ్లో ఊళ్లో నది ఒడ్డు దారి: చదును చేయాలా, ఉన్నట్టే వదిలేయాలా?

గోదారిగట్టు:
పోయిన శనివారం అమ్మానాన్నల్ని బర్మింగ్‌హామ్ నుంచి కారులో లడ్లో అనే ఇంగ్లండ్ ఊరికి తీసుకెళ్లాను. కోట చూసి, కిందికి దిగి, డినమ్ వంతెన దాటి, టీమ్ నది పక్కనే లడ్‌ఫర్డ్ వంతెన దాకా నడవాలి. అక్కణ్ణుంచి బ్రాడ్ గేట్ కిందగా ఎక్కితే మళ్లీ సంత దగ్గర తేలతాం. మేం చూసిన కరపత్రంలో ‘తేలికైన నడక’ అని రాసుంది. ముందురోజు వాన పడింది. దారంతా చెట్ల వేళ్లు, రాళ్లు, జారుడు. మా అమ్మవి మోకాళ్ల నొప్పులు, పైగా సాక్సుల మీద చెప్పులు. ఒకచోట కాలు ముందుకొచ్చింది, చెప్పు బురదలోనే ఉండిపోయింది. నాన్న నవ్వారు, అమ్మ నవ్వలేదు.

నా ప్రశ్న ఒక్కటే. ఆ దారిని చదును చేసి గట్టి కంకర పరిస్తే ఎవరి సొమ్ము పోతుంది? నది అందరిదీ కదా.

రాతిపురుగు:
వద్దండీ. మీరు బురదే చూశారు, పక్కనున్న రాయిని చూడలేదు. మర్చిసన్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1835లో సిలూరియన్ అని పేరు పెట్టిన కాలంలో ఒక భాగాన్ని ప్రపంచమంతా ‘లడ్లో’ అనే పిలుస్తుంది, ఈ ఊరి పేరుతోనే. దాదాపు 42 కోట్ల ఏళ్ల కిందట అదంతా సముద్రం అడుగు. రాతి పొరల్లో చిన్న చిన్న గుల్లల అచ్చులు కనిపిస్తాయి. లడ్‌ఫర్డ్ మూలలో అయితే ఆనాటి చేపల పొలుసుల ముక్కలతో నిండిన సన్నటి పొర ఉంది. దారి వెడల్పు చేయాలంటే కొండ చెక్కాలి. చెక్కింది మళ్లీ అతకదు.

తీరికలేనోడు:
అమ్మగారికి బూట్లు కొనండి బ్రదర్. సగం చర్చ ఇక్కడే అయిపోతుంది.

గోదారిగట్టు:
కొంటాను. వీల్‌చైర్‌కి ఏ సైజు బూట్లు పడతాయో కూడా చెప్పండి.

మైలురాయి:
రాతిపురుగు గారూ, మీరు చెప్పిన రాయి సంగతి నిజమే. కానీ ‘ఉన్నట్టే వదిలేయండి’ అన్న మాట అక్కడ అతకదు. ఆ దారి పక్కనున్న విట్‌క్లిఫ్ కొండని తవ్వే ఆ ఊరు కట్టుకున్నారు. ఆ దారిని కూడా మనుషులే వేశారు. పేరే బ్రెడ్ వాక్. కూలీకి డబ్బులిస్తే కల్లు కొట్టు పాలవుతాయని రొట్టెలిచ్చారట, ఊళ్లో చెప్పుకునే మాట. అప్పుడు చెక్కింది తప్పు కానప్పుడు ఇప్పుడెందుకు తప్పయింది?

అయినా నేను కంకరకి ఓటు వేయను. నా భయం నీళ్లతో. 2007 జూన్‌లో వరదకి అదే ఊళ్లో కార్వ్ నది మీది బర్వే వంతెన కూలిపోయింది. 2020 ఫిబ్రవరి తుఫానుకి టీమ్ మళ్లీ పొంగింది. పల్లపు చోట వేసిన కంకర ఎన్ని చలికాలాలు ఆగుతుంది? ప్రతిసారీ ఎవరు వేస్తారు? ముందు మార్చాల్సింది కరపత్రం. ఆ ‘తేలికైన’ కొట్టేసి మెట్లెన్ని, వాన పడితే ఎలా ఉంటుంది, చక్రాల కుర్చీ ఎంతవరకు వెళ్తుంది అని రాస్తే చాలు. నడవలేనివాళ్లకి డినమ్ వంతెన దగ్గర మిలీనియం గ్రీన్ ఉంది. అక్కడ కూర్చుంటే చిన్న ఆనకట్ట మీంచి నీళ్లు దూకడం చూడొచ్చు, చప్పుడు వినొచ్చు.

గోదారిగట్టు:
కూర్చోబెట్టి చూపించడం వేరు, నడిపించడం వేరు. ఆ విషయంలో నేను తగ్గను. కరపత్రం సంగతి మాత్రం ఒప్పుకుంటున్నా. ఇంతకీ చెప్పు దొరికాక అమ్మ ఏం చేసిందనుకున్నారు? వంగి దోసిట్లో నీళ్లు తీసుకుని నెత్తిన చల్లుకుంది, రాజమండ్రిలో లాగే.

రాతిపురుగు:
2024లో అక్కడి టీమ్‌ని అధికారికంగా స్నానాల చోటుగా గుర్తించారు. అదే ఏడాది పరీక్షల్లో నీటికి ‘నాసిరకం’ అని మార్కు పడింది. చల్లుకుంటే చల్లుకున్నారు, పుక్కిలించొద్దని మాత్రం చెప్పండి.