చిన్న ఫోటో స్టూడియోల సైబర్ ముప్పును ఏ కొలతతో పోల్చాలి?

ప్రశ్న (తెనాలి, స్టూడియో యజమాని)

మా పట్టణ ఫోటోగ్రాఫర్ల సంఘం, ముహూర్తాలు లేని ఈ ఆషాఢంలో సభ్యుల స్టూడియోలన్నిటినీ పరిశీలించి, సైబర్ ముప్పు ఎవరికి ఎక్కువగా ఉందో తేల్చి, సంఘం నిధిలో కొంత మొత్తాన్ని ముందుగా వారికే ఖర్చు చేయాలని తీర్మానించింది. ఆ పరిశీలన బాధ్యతను నాకు అప్పగించారు. కంప్యూటర్ల సంఖ్య, ఏడాది వ్యాపారం, యాంటీవైరస్ ఉందా లేదా, సిబ్బంది ఎంతమంది అన్న అంశాలకు మార్కులు వేసి వరుస నిర్ణయించాలన్నది కార్యవర్గంలో వచ్చిన ప్రతిపాదన. ఆ లెక్కన చూస్తే ఎడిటర్లను పెట్టుకుని పెళ్లిళ్లు చేసే పెద్ద స్టూడియో అన్నిటికంటే పైన, బస్టాండు పక్కన పాస్‌పోర్టు ఫోటోలు తీస్తూ జిరాక్సులు ఇచ్చే దుకాణం అన్నిటికంటే కింద నిలుస్తాయి. ఆ వరుస సరైనదని నాకు అనిపించడం లేదు గాని, ఎందుకు సరికాదో నలుగురిలో నిలబడి చెప్పగలిగినంత స్పష్టత లేదు.

మా సభ్యుల్లో పెళ్లిళ్లు, చీర ఫంక్షన్లు చేసేవారు ఉన్నారు, ఆల్బమ్ డిజైనింగ్ మాత్రమే చేసేవారు ఉన్నారు, జూన్, జూలై నెలల్లో పాఠశాలలకు గుర్తింపు కార్డులు చేసి ఇచ్చేవారు ఉన్నారు, సొంత దుకాణమంటూ లేకుండా కెమెరా, ఫోను, ఒక ఇన్‌స్టాగ్రామ్ పేజీతో క్యాండిడ్ షూట్లకు వెళ్లే కుర్రవాళ్లు కూడా ఉన్నారు. వీరందరినీ ఒకే కొలతతో పోల్చడం సాధ్యమేనా? సాధ్యమైతే దేన్ని కొలవాలి? అనుభవమున్నవారు కాస్త వివరంగా చెబితే కార్యవర్గం ముందు పెడతాను.

జవాబు (హైదరాబాద్, సమాచార భద్రత ఉద్యోగి)

మీ అనుమానం సరైనదే. కంప్యూటర్ల సంఖ్య, వ్యాపారం పరిమాణం అన్నవి స్టూడియో ఎంత పెద్దదో చెబుతాయి తప్ప, అక్కడ ప్రమాదం జరిగే అవకాశం ఎంతో, జరిగితే పోయేది ఏమిటో చెప్పవు. ముందు ఆ రెంటినీ విడదీసి చూడండి.

జరిగే అవకాశం విషయానికొస్తే, మన చిన్న స్టూడియోలను ఎవరో పనిగట్టుకుని గురిపెట్టడం అరుదు. క్రాక్ చేసిన, అంటే డబ్బు కట్టకుండా దొంగదారిలో వాడే సాఫ్ట్‌వేర్ ద్వారా వచ్చేదే ఎక్కువ. స్టాప్ లేదా డీజేవీయూ అని పిలిచే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్) కుటుంబం ఏళ్ల తరబడి ఇలాగే వ్యాపించింది. ఫోటోషాప్ క్రాక్ అనో, కీ జనరేటర్ అనో దింపుకున్న ఫైలు నడపగానే ఫోల్డర్లలోని ఫోటోలన్నిటికీ తాళం పడేది. తాళం తీయడానికి 980 డాలర్లు, 72 గంటల్లోపు సంప్రదిస్తే అందులో సగం 490 డాలర్లు ఇవ్వాలని ఫోల్డరులో సందేశం పెట్టేవారు. ఫోటోగ్రాఫర్లకు పనికొచ్చే ఒక వివరం ఇక్కడే చెప్పాలి. ఈ వైరస్ వేగం కోసం ప్రతి ఫైలులో మొదటి 150 కేబీ వరకే మార్చేది. అందువల్ల పెద్ద పెద్ద పెళ్లి వీడియో ఫైళ్లను మరమ్మతు సాధనాలతో కొంతవరకు బాగుచేసుకునే వీలుండేది. చిన్న జేపీజీ ఫోటోలకు ఆ అదృష్టం తక్కువ. కాబట్టి ఎవరికైనా ఇలా జరిగితే భయంతో డిస్కును ఫార్మాట్ చేయవద్దని మీ సభ్యులకు ముందుగానే చెప్పి ఉంచండి.

రెండో దారి పాత విండోస్. పాత ఫోటో ప్రింటరు డ్రైవరు కోసమో, డాంగిల్‌తో (కంప్యూటరుకు తగిలించే లైసెన్సు తాళంతో) నడిచే ఆల్బమ్ సాఫ్ట్‌వేర్ కోసమో విండోస్ 7నే అంటిపెట్టుకున్న స్టూడియోలు ఇప్పటికీ ఉన్నాయి. దానికి భద్రతా సవరణలు 2020 జనవరి 14తోనే సాధారణ వినియోగదారులకు ఆగిపోయాయి. విండోస్ 10కి కూడా మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. అలాంటి యంత్రాన్ని పారేయమని నేను అనను. దానికి నెట్ కనెక్షన్ తీసేసి, కేవలం ప్రింటింగుకు వాడుకుంటే చాలు. అయితే బస్టాండు పక్కనున్న దుకాణంలో ప్రింటింగు జరిగేది, వచ్చినవారి వాట్సాప్ ఫైళ్లు తెరిచేది, వారి పెన్‌డ్రైవులు పెట్టేది ఆ ఒక్క యంత్రంలోనే. షార్ట్‌కట్ వైరస్ ఊరంతా తిరిగేది అలాగే కదా. జరిగే అవకాశంలో మీ జాబితా అడుగున ఉన్న ఆ దుకాణమే మొదట నిలుస్తుంది.

పోయేది ఏమిటన్నది చూస్తే వరుస మళ్లీ మారుతుంది. పాస్‌పోర్టు ఫోటో పోతే పావుగంటలో మళ్లీ తీయవచ్చు. తలంబ్రాలు మళ్లీ తీయలేం. ఆల్బమ్ ఇచ్చి బ్యాలెన్స్ వసూలు చేసేదాకా పెళ్లి డేటా ఎన్ని చోట్ల ఉంది, అందులో ఎన్ని ప్రతులు కంప్యూటరుకు తగిలించి లేవు అన్నదే ఇక్కడ అసలు కొలత. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అన్న సూత్రం కంప్యూటర్ రంగమంతటా చెప్పుకుంటారు గాని, అది ప్రచారంలోకి వచ్చింది పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ ద్వారానే.

నాస్ పెట్టె (నెట్‌వర్కుకు తగిలించి అందరూ వాడుకునే డిస్కుల పెట్టె) కొన్నాం, అందులో రెండు డిస్కులున్నాయి, కాబట్టి మాకు బ్యాకప్ ఉన్నట్టేనని పెద్ద స్టూడియోలవారు అంటుంటారు. అది ఒక డిస్కు చెడిపోయినప్పుడు ఆదుకుంటుంది, దాడి జరిగినప్పుడు ఆదుకోదు. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్, 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్‌లు క్యూన్యాప్ కంపెనీ నాస్ పెట్టెల మీదే పడ్డాయి. మొదటిది ఫైళ్లను పాస్‌వర్డ్ పెట్టిన 7జిప్ ఫైళ్లలో బంధించి 0.01 బిట్‌కాయిన్, రెండోది 0.03 బిట్‌కాయిన్ అడిగాయి. దెబ్బతిన్నవి నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన పెట్టెలు. కస్టమరు ఇంటి నుంచే ఫోటోలు సెలెక్ట్ చేసుకోవాలని రౌటరులో దారి తెరిచిన స్టూడియో మీ సంఘంలో ఉంటే, వారికి అందుకు విడిగా మార్కులు వేయండి.

జవాబు (విజయవాడ, ఆల్బమ్ డిజైనర్)

పై జవాబులో చెప్పినవన్నీ ఒప్పుకుంటాను గాని, స్టూడియోను నాలుగు గోడల మధ్య ఉన్న వస్తువుగా చూడటం దగ్గరే నాకు పేచీ ఉంది. ఇవాళ పెళ్లి డేటా స్టూడియోలో ఉండే రోజులు తక్కువ. కార్డుల నుంచి డిస్కుకు, అక్కడి నుంచి డ్రైవ్ లింకు ద్వారా నాలాంటి డిజైనరుకు, డిజైనరు నుంచి ల్యాబుకు, వీడియో అయితే మరో ఎడిటరుకు వెళుతుంది. అంతా అయ్యాక పెన్‌డ్రైవులో పెళ్లివారికి చేరుతుంది. దారిలో ఎవరూ దేనినీ తుడిచిపెట్టరు, ఎందుకంటే రెండేళ్ల తర్వాత పెళ్లికూతురు వాళ్ల నాన్నగారు ఫోన్ చేసి ఆ ఫోటో మళ్లీ కావాలంటారని అందరికీ తెలుసు.

అందువల్ల మీ సంఘంలో పది స్టూడియోలు ఒకే డిజైనరుకు పని ఇస్తుంటే, ఆ పదింటికీ విడివిడిగా మార్కులు వేయడంలో అర్థం లేదు. ఒకే బావి నీళ్లు తాగే ఇళ్లలో ఒక్కో ఇంటి కుండను పరీక్షిస్తే ఏం తెలుస్తుంది? ముందు చూడవలసింది డిజైనరు కంప్యూటరును. మా వృత్తిలో చాలామంది ఇంటి నుంచే పనిచేస్తారు, పిల్లలు ఆటలు దింపుకునే కంప్యూటరులోనే పీఎస్‌డీలు (ఫోటోషాప్ ఫైళ్లు) తెరుస్తారు. కరెక్షన్లు చూపించడానికి, దూరం నుంచి మన కంప్యూటరును నడపనిచ్చే ఎనీడెస్క్ పెట్టుకుని, ప్రతిసారీ అనుమతి ఇవ్వడం విసుగని శాశ్వత పాస్‌వర్డు ఇచ్చేస్తారు. ఆ పాస్‌వర్డు ఎవరెవరి దగ్గర ఉందో సీజన్ అయ్యాక ఎవరికీ గుర్తుండదు.

డ్రైవ్ లింకుల సంగతి ఇంకా విచిత్రం. లింకు ఉన్నవారెవరైనా చూడవచ్చని పెట్టి పంపుతారు, పెళ్లివారు దాన్ని కుటుంబ వాట్సాప్ గ్రూపులో వేస్తారు, అక్కడి నుంచి ఎక్కడికి పోయిందో చెప్పలేం. ఇందులో దొంగతనమేమీ లేదు, తాళం పగలగొట్టినవారూ లేరు. అయినా ఒక ఆడపిల్ల ఫోటో మార్ఫింగ్ చేసేవారి చేతిలో పడితే ఆ కుటుంబం నిలదీసేది స్టూడియోనే. మీ పరిశీలన పత్రంలో యాంటీవైరస్ గురించిన ప్రశ్న తీసేసి, గత సీజన్‌లో పంచిన లింకుల్లో ఇంకా తెరుచుకునేవి ఎన్ని అన్న ప్రశ్న పెట్టమని నా సలహా. సమాధానాలు చూస్తే కార్యవర్గానికి ఒక్కసారిగా మెలకువ వస్తుంది.

జవాబు (ఖమ్మం, పాఠశాల గుర్తింపు కార్డుల పని)

మొదటి జవాబు రాసినవారు నష్టాన్ని మళ్లీ తీయగలమా లేదా అన్నదానితోనే కొలిచారు. ఆ కొలత ఫోటో పోయినప్పుడు పనికొస్తుంది. ఫోటో బయటపడినప్పుడు పనికిరాదు. గుర్తింపు కార్డుల కోసం పాఠశాల మాకు ఇచ్చే ఎక్సెల్ షీటులో పిల్లవాడి పేరు, తండ్రి పేరు, తరగతి, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, బ్లడ్ గ్రూపు ఉంటాయి. మేము తీసిన ఫోటోకు పెట్టే ఫైలు పేరు ఆ షీటులోని వరుస సంఖ్యే. రెండూ కలిపి ఎవరి చేతికైనా చిక్కితే ఏ పిల్లవాడు ఎలా ఉంటాడో, ఎక్కడ ఉంటాడో, ఎవరికి ఫోన్ చేసి బెదిరించవచ్చో తెలిసిపోతుంది. దీన్ని మళ్లీ తీసుకోలేం. ఇంకో చిరునామా ఇవ్వలేం. వ్యాపారం పరంగా మాది చిన్న పని, కార్డుకు మిగిలేది కొద్ది రూపాయలు. కార్యవర్గం లెక్కలో మేము చివర ఉంటాం.

చట్టం కూడా ఈ వైపే చూస్తోంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, 18 ఏళ్లలోపు పిల్లల సమాచారాన్ని వాడాలంటే తల్లి లేదా తండ్రి ఇచ్చినట్టు నిర్ధారించుకోదగిన సమ్మతి ఉండాలంటోంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలుకు రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఆ గడువు మన సంఘాలు తీర్మానాలు చేసుకునేలోపే గడిచిపోతుంది. కార్డులు ఇచ్చి, తప్పులు దిద్ది, బిల్లు వసూలైన తర్వాత ఆ షీటు మా దగ్గర ఉండవలసిన అవసరమే లేదు. పాఠశాలకు తిరిగి అప్పగించి తుడిచివేస్తే ఖర్చు లేకుండా ముప్పు తగ్గుతుంది. జిరాక్సు దుకాణాల్లో ఆధార్ పీడీఎఫ్‌లకూ ఇదే వర్తిస్తుంది. ఈ-ఆధార్ పాస్‌వర్డు పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, పుట్టిన సంవత్సరమే కాబట్టి, డౌన్‌లోడ్స్ ఫోల్డరులో మిగిలిపోయిన ఫైలుకు తాళం ఉందని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు.

జవాబు (విశాఖపట్నం, ఫ్రీలాన్స్ క్యాండిడ్ ఫోటోగ్రాఫర్)

దుకాణం లేని మా గురించి ఎవరూ రాయలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. మాకు ఇన్‌స్టాగ్రామ్ పేజీయే బోర్డు, అదే ఆర్డర్ల పుస్తకం, పాత పనులు చూపించే ఆల్బమ్ కూడా అదే. మీ వీడియోలోని పాటకు కాపీరైట్ ఫిర్యాదు వచ్చింది, 24 గంటల్లో అప్పీలు చేయకపోతే పేజీ తీసేస్తామని వచ్చే నకిలీ సందేశానికి పాస్‌వర్డు ఇచ్చేసినవాడి వ్యాపారం ఆ పూటతో ఆగిపోతుంది. పాస్‌వర్డుతో పాటు ఇంకో కోడు కూడా అడిగే రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు.

ఇంకో రెండు ఉచ్చులు కూడా మాకు సరిగ్గా సరిపోయేలా ఉంటాయి. పెళ్లి శుభలేఖ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును (ఫోనులో యాప్‌ను దింపే ఫైలు) మామూలు మనుషులు అనుమానించవచ్చు గాని, తెలియని నంబర్ల నుంచి శుభలేఖలు రావడం మా వృత్తిలో రోజూ జరిగేదే. అలాగే సైన్యంలో అధికారినని, క్యాంపులో ఫంక్షన్ ఉందని, అడ్వాన్స్ పంపుతానని, అందుకు క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టమని అడిగేవారు ఉంటారు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. మీ పత్రంలో కంప్యూటర్ల సంఖ్య సున్నా అని రాసినవారిని జాబితా నుంచి కొట్టేయకండి.

ప్రశ్న వేసినవారు (తెనాలి)

అందరికీ ధన్యవాదాలు. మార్కుల పట్టిక ఆలోచన మానుకుని, ప్రతి సభ్యుడినీ మూడు విషయాలు అడగాలనుకుంటున్నాను: మీ దగ్గర ఉన్న డేటాలో మళ్లీ తీయలేనిది ఏది, బయటపడితే ఇతరులకు హాని చేసేది ఏది, అది మీ చేతి నుంచి ఎవరెవరి చేతుల్లోకి వెళుతుంది. కాని నిధి పరిమితం. సమాధానాలు వచ్చాక రెండు స్టూడియోలు సమానంగా కనిపిస్తే ముందు ఎవరిని ఎంచుకోవాలి?

జవాబు (హైదరాబాద్, సమాచార భద్రత ఉద్యోగి)

ఖమ్మం నుంచి రాసినవారి అభ్యంతరం న్యాయమైనది. పోవడం, బయటపడటం అన్నవి వేర్వేరు నష్టాలు, వాటికి ఒకే అంకె ఇవ్వకుండా రెండు గడులుగానే ఉంచండి. డిజైనర్ గారు చెప్పినట్టు ఉమ్మడిగా వాడుకునే డిజైనర్లు, ల్యాబులు ఉంటే నిధిలో మొదటి ఖర్చు అక్కడే పెట్టండి, ఒక్క చోట పెట్టినది పది స్టూడియోలకు అందుతుంది.

ఆ తర్వాత కూడా ఇద్దరు సమానంగా కనిపిస్తే, ఒక చిన్న పరీక్ష పెట్టండి. గత మాఘంలో చేసిన ఏదో ఒక పెళ్లి పేరు మీరే ఎంచుకుని, రోజూ వాడే కంప్యూటరు ముట్టుకోకుండా దాని ఫోటోలు తెరిచి చూపించమని అడగండి. బ్యాకప్ ఉందని నోటితో చెప్పేవారికి, డిస్కు ఎక్కడుందో వెతుక్కునేవారికి, తెరిచి చూపించేవారికి తేడా అక్కడే తేలుతుంది. చూపించలేనివారికి ముందుగా ఒక బయటి హార్డ్‌డిస్కు కొని ఇచ్చి, కాపీ అవగానే తీసి బీరువాలో పెట్టే అలవాటు చేయించండి.

పరిశీలనకు వెళ్లినప్పుడు ప్రతి దుకాణంలో గోడమీద రెండు విషయాలు రాసి అంటించి రండి. డబ్బు పోయినప్పుడు వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఎందుకంటే ఆలస్యమైన కొద్దీ ఆ సొమ్మును బ్యాంకులో నిలిపివేయించే అవకాశం తగ్గుతుంది. డేటాకు తాళం పడినా, బయటికి పోయినా జాతీయ సైబర్ క్రైం పోర్టల్‌లో ఫిర్యాదుతో పాటు, సెర్ట్-ఇన్ (సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, తెలిసిన 6 గంటల్లోపు వారికి కూడా తెలియజేయాలి. అది పెద్ద కంపెనీలకే కదా అని మీ సభ్యులు అనవచ్చు. ఐటీ చట్టంలో వ్యాపార సంస్థ అన్నదానికి ఇచ్చిన నిర్వచనంలో ఒక్కరే యజమానిగా నడిపే దుకాణం కూడా ఉంది.