అప్‌డేట్: గుడ్ల పెంకు ఇప్పుడు నున్నగా వస్తోంది

పోయిన వారం అడిగాను కదా, ఉడికిన గుడ్డు వలిస్తే తెల్లసొన కూడా పెంకుతో ఊడొస్తోంది, పులుసులో వేయడానికి మనసొప్పడం లేదని. మీరు చెప్పినవన్నీ చేసి చూశాను.

నా తప్పు చన్నీళ్లలో పెట్టి కాచడం. ఇప్పుడు నీళ్లు బాగా తెర్లాక గరిటెతో ఒక్కొక్కటీ దించి, మంట కాస్త తగ్గించి 11 నిమిషాలు ఉంచుతున్నా. తీయగానే ఐసు నీళ్లలో 10 నిమిషాలు. మన బెజవాడ ఎండలకి కుళాయి నీళ్లే వేడిగా వస్తాయి, అవి పనికిరావండీ.

ఇంకోటి, పటమట రైతుబజారుకి వెళ్లినప్పుడు తెచ్చిన గుడ్లు అదే రోజు ఉడికించేదాన్ని. తాజా గుడ్డులో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువట, అందుకే తెల్లసొన లోపలి పొరకి అతుక్కుంటుంది. రోజులు గడిచేకొద్దీ అది పెంకు రంధ్రాల్లోంచి పోతుంది. ఈసారి వారం ఫ్రిజ్‌లో ఉన్నవి తీసుకున్నా. ఉప్పు, వెనిగర్ వేసినా నాకేం తేడా కనపడలేదు.

గాలి ఉండే లావు వైపు తట్టి, నీళ్లలో ముంచి బొటనవేలు పొర కిందకి పోనిస్తే పెంకు టోపీలా ఊడొచ్చింది! నిన్న 12 గుడ్లలో ఒక్కటే చిరిగింది. అత్తయ్యగారు పులుసు గిన్నె మూత తీసి, "ఇవాళ గుడ్లు ముత్యాల్లా ఉన్నాయే" అన్నారు. చెప్పినవాళ్లందరికీ చాలా థాంక్స్.