జార్ బయట పెట్టిన ప్రాపర్టీస్‌ను స్ప్రింగ్ బూట్ పట్టించుకోవడం లేదు

ప్రశ్న (అనంతపురం):
చెనక్కాయల మిల్లులకు కాటా బిల్లింగ్ అప్లికేషన్ రాశాను, జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ 3లో. కళ్యాణదుర్గం, గుత్తి, గుంతకల్లు, అన్నిచోట్లా ఒకటే జార్ (అప్లికేషన్ మొత్తం ఉండే ఫైలు). డేటాబేస్ పాస్‌వర్డ్, కాటా తగిలించిన సీరియల్ పోర్ట్ మాత్రం చోటుకొకటి. మిల్లుకో జార్ బిల్డ్ చేయడం నాకిష్టం లేదు. అందుకే జార్ పక్కన కాన్ఫిగ్ ఫోల్డర్ పెట్టి, అందులో సెట్టింగుల ఫైలు అప్లికేషన్.ప్రాపర్టీస్ ఉంచాను. టెర్మినల్‌లో ఆ ఫోల్డర్ దగ్గరికి పోయి రన్ చేస్తే బ్రహ్మాండం. లినక్స్‌లో ప్రోగ్రామ్‌లను వెనకాల నడిపే సిస్టమ్‌డీలో సర్వీస్‌గా పెడితే జార్ లోపలి విలువలే తీసుకుంటోంది. సీజన్ మొదలైతే మిల్లోళ్లు నన్ను నిద్రపోనివ్వరు. ఏం చేయాలన్నా?

జవాబు (కడప):
తమ్ముడూ, అది వెతికేది జార్ పక్కన కాదు, ప్రాసెస్ ఏ డైరెక్టరీలో మొదలైందో అక్కడ. టెర్మినల్‌లో ఆ రెండూ ఒకటే కాబట్టి నీకు పని చేసింది. సిస్టమ్‌డీ, మనం చెప్పకపోతే, రూట్ డైరెక్టరీలో మొదలుపెడుతుంది. సర్వీస్ ఫైల్లో వర్కింగ్ డైరెక్టరీ లైను రాసి, డీమన్ రీలోడ్ చేసి, రీస్టార్ట్ చెయ్.

నేనైతే దాన్ని కూడా నమ్ముకోను. స్ప్రింగ్.కాన్ఫిగ్.అడిషనల్-లొకేషన్‌లో ఫైలు పూర్తి పాత్ ఇస్తాను. ఒట్టి స్ప్రింగ్.కాన్ఫిగ్.లొకేషన్ వాడావంటే మామూలుగా వెతికే చోట్లన్నీ వదిలేస్తుంది, జార్ లోపలి డిఫాల్ట్‌లూ పోతాయి. ఫైలు లేకపోయినా ఆగకుండా పాత్ ముందు 'ఆప్షనల్:' తగిలించమని చాలామంది చెబుతారు. వద్దు. ఫైలు లేకుంటే అప్లికేషన్ లేవకపోవడమే మేలు. రోజంతా తప్పు డేటాబేస్‌లో బిల్లులు పడితే ఎవరు సర్దుతారు?

జవాబు (కర్నూలు):
పాస్‌వర్డ్‌ను మాత్రం కమాండ్ లైన్‌లో రాయొద్దండి, ఆ మెషిన్లో పీఎస్ (నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే కమాండ్) కొడితే కనిపిస్తుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఇవ్వండి. చుక్క బదులు అండర్‌స్కోర్, హైఫన్ ఉంటే తీసేయాలి, అన్నీ పెద్దక్షరాలు. ఫైల్లో ఏమున్నా దీని విలువే నిలుస్తుంది. ఏ విలువ ఎక్కడి నుంచి వచ్చిందో అనుమానం ఉంటే నడుస్తున్న అప్లికేషన్ వివరాలు చూపే స్ప్రింగ్ బూట్ యాక్చుయేటర్‌లో ఎన్వి ఎండ్‌పాయింట్ చూడండి.

అడిగినవారు:
వర్కింగ్ డైరెక్టరీ పెట్టగానే కళ్యాణదుర్గంలో దారికొచ్చింది, థ్యాంక్స్ అన్నా. ఇంకొకటి. మిల్లు పేరు ప్రాపర్టీస్‌లో తెలుగులో రాస్తే స్క్రీన్ మీద పిచ్చి గీతలు వస్తున్నాయి.

జవాబు (కడప):
స్ప్రింగ్ బూట్ 3 ఆ ఫైలును యూటీఎఫ్-8గా కాదు, తెలుగు అక్షరాలు లేని లాటిన్-1గా చదువుతుంది. యామెల్‌కు (ఇంకో రకం సెట్టింగుల ఫైలు) మారిపో, తెలుగు నేరుగా రాసుకోవచ్చు. ఒకే చోట రెండూ ఉంటే ప్రాపర్టీస్‌దే పైచేయి, కాబట్టి పాతది తీసెయ్. స్క్రీన్ మీద సరిగ్గా వచ్చి కాగితం మీద రాకపోతే అది ప్రింటర్ ఫాంట్ గొడవ, దానికి వేరే ప్రశ్న వెయ్.