తాబేలు పిల్లకి మూత ఉన్న గాజు తొట్టి మంచిదా, పైన తెరిచిన చెక్క పెట్టె మంచిదా?

తొలకరి:
మాది మూడు నెలల సల్కాటా (ఆఫ్రికా నేలతాబేలు జాతి) పిల్ల. అరచేతిలో సగం కూడా ఉండదు. నాలుగడుగుల గాజు తొట్టిలో పెట్టాను. పొద్దస్తమానం గాజుని గీకుతూ ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతోంది. ఆ చప్పుడు పక్కగదిలోకి వినిపిస్తోంది. గాజు తొట్టిలో గాలి ఆడదు, చెక్క పెట్టెలోకి మార్చమని కొందరు, అస్సలు మార్చొద్దని కొందరు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

చెక్కపెట్టె:
మార్చేయండి. ఎదురుగా గాజు ఉందని దానికి తెలియదు, దారి ఉందనుకుని తోసుకుంటూనే ఉంటుంది. పైగా సల్కాటాది సహారా దక్షిణపు అంచు. తేమలో ఉంచితే ముక్కు కారుతుంది, నోరు తెరిచి ఊపిరి తీస్తుంది. నా పెద్ద తాబేళ్లు రెండూ తెరిచిన పెట్టెలోనే ఉంటాయి, ఇంతవరకు ఏ జబ్బూ రాలేదు.

నీలాటిరేవు:
గీకుడు గురించి మీరన్నది నిజమే అండి. దానికి తొట్టి మార్చక్కర్లేదు. బయటివైపు కింది నుంచి జానెడు ఎత్తు వరకు ముదురు రంగు కాగితం అంటిస్తే చాలావరకు తగ్గుతుంది.

ఎడారి జీవి కాబట్టి పొడిగా ఉంచాలన్న మాట దగ్గరే నాకు పేచీ. సల్కాటా బొరియలు తవ్వుకుని బతుకుతుంది. పైన నేల మాడిపోతున్నా బొరియ లోపల చల్లగా, చెమ్మగా ఉంటుంది. మన ఇళ్లలో బొరియ ఉండదు, నెత్తిన లైటు ఉంటుంది. ఆ వేడికి తెరిచిన పెట్టెలోని కాస్త తేమా పైకి పోతుంది. 2003లో వీస్నర్, ఐబెన్ అనే పరిశోధకులు సల్కాటా పిల్లలనే పెంచి చూశారు. డిప్ప మీది పలకలు గోపురాల్లా లేవడానికి తిండిలోని ప్రొటీన్ కన్నా గాలి పొడిగా ఉండటమే పెద్ద కారణమని తేలింది.

నా మొదటి పిల్లని ఎనిమిది నెలలు తెరిచిన పెట్టెలో, పొడిమట్టి మీద పెంచాను. ఒక్కో పలక మధ్యలో బొడిపె లేచింది. ఇప్పటికీ వేలితో తడిమితే చేతికి తగులుతుంది. అలా లేచింది మళ్లీ చదును కాదు. మీ పెద్దవాటి ఎదుగుదల చాలావరకు అయిపోయింది కాబట్టి సరిపోతోంది. పిల్ల డిప్ప ఇప్పుడే తయారవుతోంది.

చెక్కపెట్టె:
మరి ముక్కు కారడం సంగతి? నేను కళ్లారా చూశాను.

నీలాటిరేవు:
తేమకి చలి తోడైతే వస్తుందది. రాత్రిపూట కూడా 27 డిగ్రీలకు తగ్గనివ్వకండి. వెలుతురు రాని సిరామిక్ హీటర్‌ని థర్మోస్టాట్‌తో (వేడిని అదుపులో ఉంచే స్విచ్చి) పెట్టుకోవచ్చు. కొబ్బరి పొట్టు నాలుగంగుళాలు పరిచి, నీళ్లు మూలల్లో పోయండి. అడుగున చెమ్మ, పైన పొడి ఉండాలి. పైనంతా తడిగా ఉంటే పొట్టవైపు డిప్ప కుళ్లుతుంది. ఇసుక మాత్రం వద్దు, మేతతో పాటు లోపలికి పోయి పేగులకి అడ్డం పడుతుంది.

తొలకరి:
యూవీబీ (ఎండలో ఉండే అతినీలలోహిత కిరణాలు) ఇచ్చే ట్యూబు లైటు గాజు మూత మీద పెట్టాను. ఫర్వాలేదా?

నీలాటిరేవు:
అది వెంటనే మార్చండి. యూవీబీ గాజులోంచి దాదాపు దిగదు. అది అందకపోతే డిప్ప మెత్తబడుతుంది. ట్యూబుని మూత లోపలివైపు బిగించండి. తేమ మీటరు కూడా పైన కాదు, పిల్ల నడిచే ఎత్తులో పెట్టి చూడండి.

తొలకరి:
కింద పెట్టి చూస్తే 38 శాతమే ఉంది! పైన 60 చూపించేది. పొట్టు తెచ్చి పరిచాను, కాగితం అంటించాను. ఇందాక చూస్తే పొట్టులో దూరి మూతి ఒక్కటే బయటపెట్టి పడుకుంది.

చెక్కపెట్టె:
పిల్లగా ఉన్నంతవరకు మూతకి ఒప్పుకుంటాను. కానీ ఆ జాతి అడుగున్నర దాటి పెరుగుతుంది అండి. నాలుగడుగుల తొట్టి ఎన్నాళ్లో సరిపోదు, తర్వాతి చోటు ఇప్పటి నుంచే చూసుకోండి.