చిన్న దుకాణాల పేజీలో ధర కనిపించాలా, అడిగినవారికే చెప్పాలా?

నారాయణగూడ సభ్యురాలు:
మా అక్క ఇంటి నుంచే చీరలు అమ్ముతూ ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ నడుపుతోంది. ఫొటోలు శ్రద్ధగా తీస్తుంది కానీ, ధర దగ్గర మాత్రం "ఇన్‌బాక్స్‌లో అడగండి" అని రాస్తుంది. ధర రాయడమే మంచిదని నా అభిప్రాయం. వ్యాపారంలో ఉన్నవారు ఏమంటారు?

జనరల్ బజార్ వ్యాపారి:
అమ్మా, మీ అక్కగారి పద్ధతే సరైనది. సికింద్రాబాద్‌లో మా వరుసలోనే ఒకే రకం సరుకు అమ్మేవారు ఎందరో ఉన్నారు; నేను ఉదయం ధర ప్రకటిస్తే సాయంత్రానికల్లా మరొకరు అంతకు తగ్గించి పెడతారు. పైగా ధర అడిగిన మనిషితో మాట కలుస్తుంది. చీర పెళ్లికూతురికా, పెట్టుపోతలకా అన్నది తెలిస్తే, అడిగినది కుదరకపోయినా మరొకటి చూపించవచ్చు. ధర చూసి వెళ్లిపోయినవారిని వెనక్కి పిలవలేము కదా.

మలక్‌పేట కొనుగోలుదారు:
వ్యాపారి గారూ, పోటీ గురించి మీ ఆందోళన నిజమైనదే. అయితే ధర దాచినప్పుడు, మా ప్రొఫైల్ చూసి, ఉండే ప్రాంతం చూసి రేటు చెబుతారేమోనన్న అనుమానం మాకు కలుగుతుంది. ఆ అనుమానంతో అడగకుండానే వెళ్లిపోయేవారు మీ లెక్కలోకి ఎన్నడూ రారు. ఆన్‌లైన్‌లో అమ్మే వస్తువు మొత్తం ధరను ఒకే మొత్తంగా చూపాలని 2020 జూలైలో అమలులోకి వచ్చిన వినియోగదారుల పరిరక్షణ (ఈ-కామర్స్) నియమాలు చెబుతున్నాయి. చిన్న పేజీలు కూడా ఆ స్ఫూర్తిని పాటించాలని నేను గట్టిగా నమ్ముతాను.

అసలు చిక్కు ధర కనిపించడంలో కాదు, ఆ ధర ఎందుకో కనిపించకపోవడంలో ఉంది. పోచంపల్లి ఇక్కత్‌లో నేయడానికి ముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దుతారు కాబట్టి, డిజైను చీరకు రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది, అంచుల దగ్గర రంగు కాస్త చెదిరినట్టు ఉంటుంది. అదే డిజైనును అచ్చు వేసిన చీరలో సాధారణంగా వెనుక వైపు వెలిసినట్టు ఉంటుంది. ఈ రెండూ ఫొటోలో ముందువైపు నుంచి చూస్తే ఒక్కటే, కనుక ఎక్కువ ధర అన్యాయంగా తోస్తుంది. వెనుక వైపు ఫొటో ఒకటి, మగ్గం నేతా మరమగ్గం నేతా అన్న మాట ఒకటి చేర్చితే, ఆ ధరను చీరే సమర్థించుకుంటుంది. ఖరీదైన లైట్లకు, సంగీతానికి పెట్టే శ్రమలో కొంత ఇటు మళ్లించమని నా విన్నపం.

లాడ్ బజార్ గాజుల వ్యాపారి:
మా లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిద్ధంగా ఉన్న జతలకు ధరతో పాటు 2.4, 2.6, 2.8 సైజులు కూడా రాస్తున్నాము. దానివల్ల మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలు తగ్గాయి. చీర రంగుకు తగ్గట్టు రాళ్లు ఒక్కొక్కటిగా పొదిగించుకునేవారికి మాత్రం, పని చూడకుండా ధర చెప్పడం మాకు సాధ్యం కాదు.

జనరల్ బజార్ వ్యాపారి:
మగ్గం చీరల విషయంలో కొనుగోలుదారు గారి మాటను అంగీకరిస్తాను, వాటి వెనుక వైపు చూపి ధర వేయడానికి నాకు అభ్యంతరం లేదు. అందరి దగ్గరా దొరికే మిల్లు సరుకుకు మాత్రం పేజీలో ధర పెట్టను. అక్కడ చూపించడానికి వేరే ప్రత్యేకత లేదు, ధర ఒక్కటే తేడా.

నారాయణగూడ సభ్యురాలు:
అక్క దగ్గర ఉన్నవి ఎక్కువగా పోచంపల్లి, గద్వాల చీరలే. ఈ వారం వచ్చిన సరుకుకు వెనుక వైపు ఫొటోతో, పోస్టు ఖర్చు కలిపిన ధరతో పెట్టమని అడుగుతాను.