అప్‌డేట్: 25 లీటర్ల ట్యాంకుకి 50 వాట్ల హీటరే ఖాయం చేశాను

బెంగళూరు చలికి బెట్టా చేప ట్యాంకులో హీటర్ 25 వాట్లదా, 50 వాట్లదా అని ఇంతకుముందు అడిగాను కదా, 50 తీసుకున్నాను. రాత్రి గది 18 డిగ్రీలకు దిగినా నీళ్లు 26 దగ్గర నిలవాలి; అంత తేడాకి 25 వాట్లది ఆగకుండా వెలుగుతూనే ఉంటుంది. 100 వాట్లది వద్దన్నవాళ్ల మాటే రైటు: థర్మోస్టాట్ (వేడి చూసి హీటర్‌ని ఆపే స్విచ్) కాంటాక్టులు అతుక్కుపోతే హీటర్ ఆగదు, ఇంత చిన్న ట్యాంకులో చేప ఉడికిపోతుంది.

50 వాట్లదానికి కూడా విడిగా కంట్రోలర్ తగిలించాను; అది నీళ్లలో ఉన్న సెన్సర్‌ని చూసి హీటర్‌కి కరెంటు ఇస్తుంది, ఆపుతుంది. కంట్రోలర్ 26 డిగ్రీలకి, హీటర్ సొంత డయల్ 28కి పెట్టాను. సెన్సర్ జారి నీళ్లలోంచి బయటికొస్తే కంట్రోలర్ గది చలినే చూస్తుంది, హీటర్‌ని ఆపదు. అప్పుడు అడ్డుపడేది ఆ 28 మాత్రమే. సెన్సర్ వైరుకి రెండు సక్షన్ కప్పులు పెట్టండి, ఒకటి ఎప్పుడో ఊడుతుంది.

హీటర్‌ని ఫిల్టర్ నుంచి నీళ్లు పడే చోట అడ్డంగా పెట్టాను. నీళ్లు మార్చే 15 నిమిషాల ముందే స్విచ్ ఆపాలి, లేదంటే వేడి హీటర్ గాజు పగలొచ్చు.